‘ఏదొచ్చినా వద్దు’ అనే మొండి విమర్శకుల వల్ల ఎవరికి లాభం?

కాలవగట్టు
ప్రజాభిప్రాయ సేకరణ సభ కానీ, టీవీ చర్చ కానీ, అసెంబ్లీ కానీ, ఎక్కడ చూసినా ఒక రకం మనుషులు తప్పకుండా ఉంటారు. ఫ్యాక్టరీ వద్దు, ఓడరేవు వద్దు, రోడ్డు కూడా వద్దు. ఒక్క మెట్టు దిగరు. వీళ్ల వల్ల అసలు మాట్లాడాల్సింది పక్కకి పోతోందని నా బాధ. పరిహారం ఎంత, ఉద్యోగాలు ఎవరికి, నీళ్లు ఎక్కణ్నుంచి తెస్తారు అని గట్టిగా బేరమాడాల్సిన చోట నాలుగు నినాదాలిచ్చి కుర్చీలు తోసేస్తారు. సభ రసాభాస. కలెక్టరు లేచి వెళ్లిపోతాడు, ఫైలు మాత్రం ఆగకుండా ముందుకెళ్తుంది. వీళ్ల వల్ల జనానికి ఒరిగిందేంటో తెలిసినవాళ్లు చెప్పండి. ఆవేశం వద్దు, తేదీలూ లెక్కలూ కావాలి.

బీల_పక్కన
తేదీ కావాలంటే 2010 జూలై 14. శ్రీకాకుళం జిల్లా సోంపేట. 2,640 మెగావాట్ల బొగ్గు కరెంటు ప్లాంటు కడతామన్నారు. కాగితాల్లో ఆ నేల పనికిరాని బీడు. అక్కడి జనానికి అది బీల. నీళ్లు నిలిచే చిత్తడి నేల, చేపలవాళ్లకి బతుకు, చుట్టుపక్కల పొలాలకి తడి. బూడిద ఎక్కడ పోస్తారు, ఊరికి ఏమిస్తారు అని అడిగితే కంపెనీ ఏదో ఒక జవాబు చెప్పగలదు. "ఇది బీడే కాదు, ఇక్కడ ప్లాంటు అనే మాటే కుదరదు" అన్నవాళ్లకి మాత్రం జవాబు చెప్పలేకపోయింది. ఆ రోజే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అనుమతి కొట్టేసింది. అదే రోజు ఇక్కడ పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు.

కాలవగట్టు
గెలిచింది అప్పీలు కదా. అప్పీలు వేరు, మొండితనం వేరు.

బీల_పక్కన
అప్పీలుకెళ్లింది ఎవరు మరి? బేరం కుదుర్చుకున్నవాళ్లు అప్పీలుకెళ్లరు.

నల్లకోటు
కాలవగట్టు గారి ఫిర్యాదులో సగం నిజం ఉంది. ఆ సగమేదో చెప్తా.

పబ్లిక్ హియరింగ్‌లో ఓటింగ్ ఉండదు. 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ నాలుగో అనుబంధం చదవండి. ఐదు వేల మంది వచ్చి "వద్దు" అన్నా, యాభై మంది వచ్చి "కావాలి" అన్నా తలలు లెక్కపెట్టే పద్ధతే లేదు. కోరం కూడా అక్కర్లేదు. అంటే జనం బహిష్కరించి రాకపోయినా సభ జరిగినట్టే రాసుకోవచ్చు. బహిష్కరణ పిలుపు ఇచ్చేవాళ్లు ముందు ఈ ఒక్క వాక్యం చదువుకోవాలి.

లెక్కలోకి వచ్చేది ఒక్కటే: ఎవరు ఏ అభ్యంతరం లేవనెత్తారు, దానికి కంపెనీ ఏం జవాబిచ్చింది. సభ అయ్యాక కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి సారాంశం రాసి, అక్కడున్న జనానికి వాళ్ల భాషలో చదివి వినిపించాలి. కలెక్టరు అదే రోజు సంతకం పెట్టాలి. మొత్తం వీడియో తీయాలి. లేవనెత్తిన అంశాల పట్టిక, కంపెనీ వ్యాఖ్యలు ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ జతచేయాలి. 8 రోజుల్లో ఆ కాగితాలు అనుమతి ఇచ్చే అధికారికి చేరాలి. ఆ అభ్యంతరాలకి తుది నివేదికలో కంపెనీ జవాబు చెప్పి తీరాలి.

ఇప్పుడు నినాదానికి ఏం జరుగుతుందో చూడండి. "ప్రాణాలైనా ఇస్తాం, భూమి ఇవ్వం" అని రెండు గంటలు అరిస్తే మినిట్స్‌లో "కొందరు ప్రాజెక్టును వ్యతిరేకించారు" అని ఒక్క ముక్క పడుతుంది. దానికి కంపెనీ జవాబు కూడా ఒక్క ముక్కే: "తగిన పరిహారం ఇస్తాం". అదే మనిషి లేచి "ముసాయిదా నివేదిక ఫలానా పేజీలో పది కిలోమీటర్ల లోపు చిత్తడి నేల లేదని రాశారు, ఫలానా సర్వే నంబర్లలో గ్రామ అడంగల్ ప్రకారం చెరువు ఉంది, ఇదిగో నకలు" అంటే ఇక తప్పించుకునే దారి లేదు. ఇద్దరూ మొండివాళ్లే. మాట పేజీ నంబరుతో వచ్చిందా లేదా అన్నదే తేడా.

కరణం_సంతకం
నల్లకోటు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకో రెండు చేర్చాలి. నోటీసుకీ సభకీ మధ్య కనీసం 30 రోజులు ఉండాలి. ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో వేయాలి. ముసాయిదా కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూడ్డానికి పెట్టాలి. ఆ 30 రోజుల్లో వెళ్లి చదివేది ఎవరు? ఉద్యోగాలు ఎన్నొస్తాయని అడిగేవాళ్లు వెళ్లరు. ఊళ్లో అందరూ చాదస్తపు మనిషి అనుకునే ఆ ఒక్కడే నాలుగొందల పేజీలు తిరగేస్తాడు.

మిరపతోట
ఆ ఒక్కణ్నే సభలో మైకు దగ్గరికి రానివ్వరు, అదీ రాయండి.

కరణం_సంతకం
మైకు ఇవ్వకపోయినా రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. రెండు ప్రతులు పట్టుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయం అంటే అదే రోజు స్పీడ్ పోస్టులో మండలి సభ్య కార్యదర్శికి పంపాలి. ఆ రసీదు చాలు.

లెక్కల_మాస్టారు
సభల సంగతి సరే, చట్టసభల మాటేంటి? మొండి విమర్శకుడంటే నాకు ముందు గుర్తొచ్చేది రామ్ మనోహర్ లోహియా. 1963లో ఫరూఖాబాద్ ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకొచ్చాడు. ఆగస్టులో నెహ్రూ ప్రభుత్వం మీద మొట్టమొదటి అవిశ్వాస తీర్మానం కృపలానీ పెట్టాడు. అనుకూలం 62, వ్యతిరేకం 347. ఓడిపోవడం ముందే ఖాయం. అయినా ఆ చర్చలో లోహియా ఒక్క అంకె వేశాడు: దేశంలో 27 కోట్ల మంది రోజుకి మూడణాల మీద బతుకుతున్నారని. నెహ్రూ కాదు, పదిహేనణాలు అన్నాడు.

ఈ రెండు అంకెల మధ్యే ఉంది అసలు సంగతి. పదహారణాలు ఒక రూపాయి. జాతీయాదాయాన్ని మొత్తం జనాభాతో భాగించి, మళ్లీ 365తో భాగిస్తే పదిహేనణాల దగ్గరికి వస్తుంది. అందులో మిల్లు యజమానీ ఉన్నాడు, జమీందారూ ఉన్నాడు, కూలీ కూడా ఉన్నాడు. లోహియా అడిగింది కింది 60 శాతం మంది గురించి. పైవాళ్ల వాటా తీసేసి కింది వాళ్లని విడిగా లెక్కకట్టమన్నాడు. ప్రభుత్వం సగటు చెప్పి తప్పించుకోబోతే, సగటు వెనక ఎవరు దాక్కున్నారో చూపించమని పట్టుబట్టాడు. దానిమీద సభలో విడిగా చర్చ పెట్టాల్సి వచ్చింది. మూడణాలు కచ్చితంగా మూడేనా, కాస్త ఎక్కువా అన్నది నాకు అంత ముఖ్యం కాదు. పేదల ఆదాయం విడిగా లెక్కించాలన్న ప్రశ్నని ఇక ఎవరూ పక్కన పెట్టలేకపోయారు.

కాలవగట్టు
కచ్చితంగా ఎంతో ముఖ్యం కాదంటారేంటి మాస్టారూ? అంకె తప్పయితే మొత్తం వాదన కూలిపోతుంది. నల్లకోటు గారు పేజీ నంబరు కావాలంటున్నారు, మీరేమో సుమారుగా చాలంటున్నారు.

లెక్కల_మాస్టారు
సరైన అభ్యంతరమే. వివరంగా చెప్తాను. అప్పట్లో కింది 60 శాతం ఆదాయం విడిగా చెప్పే సర్కారీ అంకె జనం ముందు లేదు. లేని చోట విమర్శకుడు తన అంచనా చెప్పి "తప్పయితే మీ లెక్క బయటపెట్టండి" అనొచ్చు. ఉన్న చోట మాత్రం ఉన్న అంకెనే పట్టుకోవాలి. సర్కారు పుస్తకంలో అంకె ఉండగా సొంత అంకె వేసేవాడు ఆ క్షణమే ఓడిపోయాడు.

తుంగభద్ర_టైమ్స్
లోహియాకి హైదరాబాద్‌తో అనుబంధం ఎక్కువే. ఆయన ‘మ్యాన్‌కైండ్’ పత్రిక ఇక్కణ్నుంచే వచ్చేది.

పాత_సంచిక
ప్రతిపక్షమే మొండిగా ఉండాలని లేదు. 1957 డిసెంబరులో ఎల్ఐసీ - ముంద్రా వ్యవహారం లేపింది కాంగ్రెస్ ఎంపీ ఫిరోజ్ గాంధీ. ప్రధానికి అల్లుడు. ఎల్ఐసీ పుట్టిన ఏడాదిలోపే, ముంద్రా అనే వ్యాపారి చేతిలో పడిపోతున్న కంపెనీలు ఆరింటిలో కోటీ ఇరవై లక్షల పైచిలుకు పెట్టి షేర్లు కొన్నారు. ఎవరు చెప్తే కొన్నారు, పెట్టుబడి కమిటీని అడిగారా, ఆ రోజు మార్కెట్ ధర ఎంత, మీరు కొన్నది ఎంతకి? ఈ నాలుగు ప్రశ్నలు వదల్లేదు. జస్టిస్ చాగ్లా విచారణ బహిరంగంగా జరిగింది, కొన్ని వారాల్లో తేలిపోయింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశాడు. సొంత పార్టీవాడే ఆ పని చేయగలిగాడు, ఎందుకంటే "ప్రభుత్వం దిగిపోవాలి" అని అడగలేదు, "ఈ కాగితం చూపించండి" అని అడిగాడు.

మిరపతోట
ఈ రోజుల్లో సొంత పార్టీవాడు అలా అడిగితే సాయంత్రానికి షోకాజ్ నోటీసు.

పాత_సంచిక
ఫిరాయింపుల నిరోధక చట్టం 1985లో వచ్చింది. విప్ జారీ చేసిన ఓటింగ్‌కి అది వర్తిస్తుంది. ప్రశ్న వేయడానికి, చర్చలో మాట్లాడడానికి విప్ అడ్డు కాదు. భయం వేరే సంగతి.

ఊరి_పెద్ద_కొడుకు
మీరంతా గెలిచిన కేసులే చెప్తున్నారు. భూసేకరణ చోట మొండివాళ్ల వల్ల నష్టపోయిన రైతుల సంగతి ఎవరు చెప్తారు? "ఎంతిచ్చినా ఇవ్వం" అని ఊరంతా ప్రమాణాలు చేయిస్తారు. ఎవరైనా అధికారులతో మాట్లాడితే ద్రోహి అంటారు. ఈలోగా గడువులు దాటిపోతాయి. 2013 భూసేకరణ చట్టంలో 15వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లో అభ్యంతరం రాసివ్వాలి. "మేం ఈ ప్రక్రియనే గుర్తించం" అని ఆ కాగితం కూడా ఇవ్వకుండా చేస్తే రైతుకి తర్వాత నిలబడే చోటు బాగా తగ్గిపోతుంది. అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) వచ్చాక 64వ సెక్షన్ కింద పరిహారం పెంచమని అడగాలంటే, అవార్డు రోజు అక్కడే ఉన్నవాడికి ఆరు వారాలే గడువు. నాయకుడికి సిద్ధాంతం మిగిలింది, రైతుకి అప్పు మిగిలింది.

నల్లకోటు
ఇది చాలా ముఖ్యమైన మాట. దీనికి తోడు ఇంకోటి రాసుకోండి. డబ్బు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రసీదు మీద సొంత చేతిరాతతో రాయాలి. అలా రాయకుండా తీసుకుంటే పెంపు అడిగే హక్కు పోతుంది. రాసి తీసుకుంటే డబ్బూ చేతికొస్తుంది, పోరాటమూ ఆగదు. "చెక్కు ముట్టుకుంటే ద్రోహం" అని చెప్పే నాయకుడు ఈ ఒక్క వాక్యం రైతులకి చెప్పకపోతే, అతని మొండితనానికి మూల్యం వేరేవాళ్లు చెల్లిస్తున్నారు.

బీల_పక్కన
ఒప్పుకుంటా. కానీ ఊరి_పెద్ద_కొడుకు గారూ, ప్రైవేటు కంపెనీ కోసం సేకరిస్తే 80 శాతం, ప్రభుత్వ - ప్రైవేటు భాగస్వామ్యానికి 70 శాతం బాధిత కుటుంబాల సమ్మతి ఉండాలన్న నిబంధన ఆ చట్టంలోకి ఎలా వచ్చిందనుకుంటున్నారు? పరిహారం కాస్త పెంచండి చాలు అన్నవాళ్ల వల్ల మాత్రం కాదు. సింగూరు, నందిగ్రామ్, సోంపేట, కాకరాపల్లి... "ఇవ్వం" అన్న ఊళ్ల వల్ల పాత 1894 చట్టమే పోయింది. మీరు చెప్పిన 60 రోజుల గడువు ఈ రోజు వాడుకుంటున్న రైతుకి ఆ ఊళ్లు దారి వేశాయి.

ఊరి_పెద్ద_కొడుకు
దారి వేసినవాళ్లకి దండం. ఆ దారిన నడవొద్దని రైతుని ఆపేవాళ్లతోనే నా పేచీ.

వరంగల్_రోడ్డు
బాలగోపాల్ పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేంటి. కాకతీయలో లెక్కలు చెప్పిన మనిషి, పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శి, తర్వాత న్యాయవాది. రాజ్యం చేసే ఎన్‌కౌంటర్ల మీద ఎంత కఠినంగా రాశాడో, నక్సలైట్లు చేసిన హత్యల మీద కూడా అంతే కఠినంగా ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్న సొంత సంఘంలోనే చీలిక తెచ్చింది. 1998లో బయటికొచ్చి మానవ హక్కుల వేదిక పెట్టాడు. 2009లో పోయేదాకా అదే పని.

ఆ వేదిక నిజనిర్ధారణ నివేదికలు చూడండి. ఘటన జరిగిన చోటుకి వెళ్లడం, చనిపోయినవాళ్ల ఇంటివాళ్లతో మాట్లాడడం, పోలీసుల కథనం కూడా రాసుకోవడం, రెండూ ఎక్కడ పొసగలేదో చూపించడం, చివర్లో ఏం చేయాలో డిమాండ్ రాయడం. "మా వైపువాళ్లు" అన్న సడలింపు ఎవరికీ లేదు. నా దృష్టిలో నిజమైన కఠిన విమర్శకుడికి పరీక్ష ఇదే: సొంత మనుషులు తప్పు చేసినప్పుడు అదే గొంతు వినపడుతుందా?

ఫలితం కావాలంటే ఇది కూడా. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం, ఎన్‌కౌంటర్లో మనిషి చనిపోతే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే, ఆత్మరక్షణ అన్న వాదన విచారణలో రుజువు చేసుకోవాల్సిందే అంది. దానిమీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. తర్వాత 2014 సెప్టెంబరులో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ కేసులో సుప్రీంకోర్టే 16 మార్గదర్శకాలు ఇచ్చింది. దశాబ్దాలుగా "ప్రతి ఎన్‌కౌంటర్ మీదా కేసు పెట్టండి" అని ఒకే మాట పట్టుకున్నవాళ్లని అందరూ ఛాదస్తులన్నారు. ఆ మాట కోర్టు భాషలోకి ఎక్కింది.

గోపాలపట్నం_జంక్షన్
ఇ.ఏ.ఎస్. శర్మ గారిని కూడా చేర్చండి. కేంద్రంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా చేసిన ఐఏఎస్, విశాఖలో కూర్చుని ఉత్తరాలు రాస్తారు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఒకే రకం ఉత్తరం. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై పన్నెండు మంది పోయాక ఆయన పట్టుకున్న పాయింటు: చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేకుండా ప్లాంటు నడిచింది, అనుమతి లేదని 2019లో కంపెనీయే అఫిడవిట్‌లో ఒప్పుకుంది, అయినా నడవనిచ్చిన అధికారుల సంగతేంటి? అందరూ కంపెనీని తిడుతుంటే ఆయన అనుమతులిచ్చిన ఆఫీసుల వైపు వేలు చూపించారు. లీకైన మర్నాడే ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) కంపెనీని రూ. 50 కోట్లు తాత్కాలికంగా జమ చేయమంది.

కాలవగట్టు
శర్మ గారి ఉత్తరాలంటే నాకూ గౌరవమే. కానీ ఆయన పవర్ సెక్రటరీ, ఫైలు ఎలా నడుస్తుందో తెలుసు. మామూలు మనిషికి ఆ శక్తి ఎక్కడిది?

కరణం_సంతకం
ఫైలు దారి తెలుసుకోడానికే సమాచార హక్కు. ఆంధ్ర, తెలంగాణల్లో గ్రామస్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి రూ. 5, పైన రూ. 10. తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. దాటితే కాగితాలు ఉచితంగా ఇవ్వాలి. వేరే ఆఫీసుదైతే 5 రోజుల్లో వాళ్లే బదిలీ చేయాలి. మొదటి అప్పీలుకి 30 రోజులు, రెండోదానికి 90.

జనం చేసే పొరపాటు ప్రశ్న రాసే తీరులోనే ఉంది. "ఎందుకు అనుమతి ఇచ్చారు?" అని రాస్తే "సమాచారం కాదు, అభిప్రాయం" అని తిప్పి పంపేస్తారు. "ఫలానా ప్రాజెక్టు అనుమతి ఫైలులో నోట్ షీట్లతో సహా అన్ని పేజీల నకళ్లు" అని రాయాలి. ఎందుకు ఇచ్చారో నోట్ షీటే చెప్తుంది. ఆ కాగితం మీద ఎవరు "వద్దు" అని రాశారు, పైవాడు దానికి ఏం రాశాడు, అన్నీ సంతకాలతో ఉంటాయి. ఒక దరఖాస్తులో ఇరవై ప్రశ్నలు పెట్టొద్దు. ఒక్క ఫైలు అడగండి.

ఇంకోటి, డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 2023లోని 44(3)తో సమాచార హక్కులోని 8(1)(జె)ని మార్చారు. వ్యక్తిగత సమాచారం అంటూ ఎగ్గొట్టడం ఇక తేలిక. దానికి ఎదురు చెప్పాలంటే 8(2) పట్టుకోవాలి: దాచడం వల్ల కలిగే హాని కన్నా వెల్లడి వల్ల ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని అందులో ఉంది. దరఖాస్తులోనే ఆ ప్రయోజనమేంటో రెండు వాక్యాలు రాసేయండి.

మిరపతోట
ఇంత చదివాక అర్థమైంది, ఈ చర్చలో అందరికన్నా మొండి మనిషి కాలవగట్టు గారే. పొద్దున్నించి ఒక్క మెట్టు దిగలేదు 🙂

కాలవగట్టు
దిగేదాకా అడుగుతా. టీవీల్లో కూర్చుని మంత్రిని దొంగ, గజదొంగ అనేవాళ్లూ కఠిన విమర్శకులేనా?

నల్లకోటు
వాళ్ల వల్ల ఒక్క కాగితం కదలదు, పైగా పరువు నష్టం కేసు తెచ్చుకుంటారు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్, పాత ఐపీసీ 499, 500. రెండేళ్ల దాకా శిక్ష. 2016లో సుబ్రమణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు ఆ పాత సెక్షన్లని నిలబెట్టింది. చాలామంది "నిజం చెప్తే కేసు ఎలా నిలుస్తుంది" అంటారు. క్రిమినల్ కేసులో నిజం ఒక్కటే సరిపోదు, ప్రజాహితం కోసం చెప్పినట్టు కూడా చూపించాలి. సివిల్ దావాలో నిజం సరిపోతుంది.

కాబట్టి రాసేటప్పుడు ఉద్దేశం జోలికి వెళ్లొద్దు. "లంచం తిని అనుమతిచ్చాడు" అంటే లంచం మీరు రుజువు చేయాలి. "కింది అధికారి ఫలానా తేదీన వద్దని రాసిన రెండు రోజులకే, కారణం రాయకుండా అనుమతిచ్చారు" అంటే రుజువు ఫైలులోనే ఉంది, చదివినవాడికి మిగతాది మనం చెప్పక్కర్లేదు. రెండోదే నిజానికి ఎక్కువ కఠినం. 1994 నాటి రాజగోపాల్ కేసు తీర్పు ప్రకారం, బహిరంగ రికార్డుల ఆధారంగా, విధి నిర్వహణ గురించి రాసిన దానిమీద అధికారి నష్టపరిహారం దావా గెలవాలంటే, అబద్ధమని తెలిసో, నిజానిజాలు పట్టించుకోకుండానో రాశారని ఆయనే చూపించాలి.

పాత_సంచిక
ఈ పద్ధతికి మన భాషలో ఆద్యుడు గిడుగు రామమూర్తి. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టింది, గ్రాంథికాన్ని కాపాడ్డానికి. జయంతి రామయ్య పంతులు లాంటి పెద్దలు అటు. గిడుగు వాళ్ల పాండిత్యాన్ని తిట్టలేదు. గ్రాంథికమే రాయాలన్న పండితుల పుస్తకాలు తీసుకుని, వాళ్లు నమ్మే వ్యాకరణం ప్రకారమే వాళ్లు ఎక్కడెక్కడ తప్పు రాశారో పట్టికలు వేశాడు. ఇంకోవైపు పాత శాసనాల్లో, వ్యాఖ్యానాల్లో, వచనంలో వాడుక రూపాలు ఏరి చూపించాడు. ఎదుటివాడి కొలబద్దతోనే ఎదుటివాణ్ని కొలవడమన్న మాట. 1919లో ‘తెలుగు’ అని సొంతంగా పత్రికే పెట్టాడు. 1940లో పోయేనాటికి చదువుల్లో గ్రాంథికానిదే పైచేయి. పరీక్షల్లో, పరిశోధన గ్రంథాల్లో వ్యావహారికం నిలదొక్కుకోడానికి ఆ తర్వాత ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది. ఈ రోజు మనం ఇక్కడ రాస్తున్న తెలుగు ఆయన అడిగిందే.

కాలవగట్టు
సరే, సభల సంగతికే వస్తా, నాకు పనికొచ్చేది అదే. జిల్లాలో ఒక హియరింగ్ నోటీసు పడింది. ముసాయిదా ఇంగ్లీషులోనే ఉంది, తెలుగు సారాంశం ఎక్కడా పెట్టలేదు. ఏం చేయాలి?

నల్లకోటు
ఇవాళే కలెక్టరాఫీసుకీ, జిల్లా పరిషత్‌కీ, పరిశ్రమల కేంద్రానికీ వెళ్లి రాతపూర్వకంగా అడగండి, ముద్ర వేయించుకోండి. లేదన్న చోట "లేదు" అని రాయించుకోండి. రాయకపోతే ఇద్దరు సాక్షులతో మీరే తేదీ, సమయం వేసి రాసుకోండి. తర్వాత మండలి సభ్య కార్యదర్శికీ కలెక్టరుకీ ఒకే ఉత్తరం: స్థానిక భాషలో సారాంశం అందుబాటులో లేదు, అది పెట్టిన రోజు నుంచి 30 రోజులు ఇచ్చి సభ తేదీ మార్చండి. మార్చకపోతే సభకి మానకుండా వెళ్లి మొదటి అభ్యంతరంగా ఇదే చెప్పండి. చివర మినిట్స్ చదివేటప్పుడు అది రాశారో లేదో వినే దాకా కుర్చీ వదలొద్దు. రాయకపోతే అప్పటికప్పుడు వీడియో ముందే మళ్లీ చెప్పండి.

కరణం_సంతకం
చాలామంది భోజనానికి వెళ్లిపోయేది సరిగ్గా ఆ మినిట్స్ చదివే సమయానికే. కనీసం పదిమందిని చివరిదాకా ఉంచండి.

కాలవగట్టు
అయినా అనుమతి వచ్చేస్తే?

నల్లకోటు
ఎన్జీటీ చట్టం 16వ సెక్షన్ కింద అప్పీలు. మనకి చెన్నై బెంచి. ఉత్తర్వు తెలిసిన రోజు నుంచి 30 రోజులు, తగిన కారణం చూపిస్తే ఇంకో 60. మొత్తం 90 దాటితే వినే అధికారమే ట్రిబ్యునల్‌కి లేదు. పరిహారం అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలు. అనుమతి వచ్చినట్టు కంపెనీ కనీసం రెండు పేపర్లలో ప్రకటన వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషలో. రోజుల లెక్క అక్కణ్నుంచే మొదలవ్వొచ్చు, కాబట్టి జిల్లా ఎడిషన్ రోజూ చూసే పని ఒకరికి అప్పగించండి. పేపరు దొరగ్గానే తేదీ కనిపించేలా ఆ పేజీ మొత్తం దాచుకోండి.

ఊరి_పెద్ద_కొడుకు
కాలవగట్టు గారూ, ఏ మండలమో మెసేజ్ పెట్టండి. అడంగల్ నకళ్లు తీయడానికి నేనూ వస్తా.